ఏడు మాటలు ఒకచోట లేవు

గుడ్ ఫ్రైడే నాడు మిట్టమధ్యాహ్నం మొదలైన ఆరాధన మూడింటి దాకా సాగుతుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఒక్కొక్కటిగా ధ్యానిస్తారు. చాలాచోట్ల ఒక్కో మాటకు ఒక్కో ప్రసంగీకుడు. తెల్లబట్టలు, ఉపవాసంతో వాడిన ముఖాలు, మధ్య మధ్య శ్రమల పాటలు. చర్చి ఉన్న ఊళ్లో పెరిగినవాళ్లు ఏ మతస్థులైనా, మైకులో ఆ ప్రసంగాలు కొంతయినా వినే ఉంటారు. విన్నవాళ్లలో చాలామంది ఆ ఏడూ బైబిల్లో వరసగా ఒకేచోట ఉన్నాయనుకుంటారు. లేవు. మూడు లూకా రాసినవి, మూడు యోహాను రాసినవి, మిగిలిన ఒక్కటి మార్కులోనూ మత్తయిలోనూ ఉంది. ఏ సువార్త తెరిచినా ఏడూ దొరకవు.

ఈ కూర్పుకు సంగీతం కూడా ఉంది. స్పెయిన్‌లోని కాదిజ్ నగరం వాళ్లు అడిగితే 1786–87లో స్వరకర్త హైడన్ ఒక్కో మాటకు ఒక్కో వాద్యఖండం రాసి, చివర భూకంపం పెట్టాడు. ఆ భూకంపం మత్తయి ఒక్కడే చెప్పాడు. నలుగురి నుంచీ తలా కొంత తీసుకుంటే గానీ ఆ మధ్యాహ్నం పూర్తికాదన్నమాట.

అందులో తప్పేముందంటారా? తప్పేమీ లేదు, నష్టం మాత్రం ఉంది. ఆ నష్టం ఎక్కువగా మార్కుది.

మార్కు రాసిన సిలువ దగ్గర యేసు తరఫు మనిషి ఒక్కడూ లేడు. శిష్యులు ముందురాత్రే పారిపోయారు. గలిలయ నుంచి వచ్చిన స్త్రీలు దూరాన నిలబడి చూస్తున్నారు. దారిన పోయేవాళ్లు తలలూపుతూ దూషిస్తున్నారు, పక్క సిలువల మీది ఇద్దరూ నిందిస్తున్నారు. తొమ్మిది గంటలకు సిలువ వేస్తే మూడింటి దాకా ఆయన నోట మాట లేదు. చివరికి ఒక్కటే వాక్యం. దేవుణ్ణి, నన్నెందుకు వదిలేశావని అడగడం. ఆ తర్వాత మాటలు లేని పెద్ద కేక, ప్రాణం పోవడం. అంతే. అది 22వ కీర్తన మొదటి పాదమనీ, ఆ కీర్తన చివరికి ఆశతోనే ముగుస్తుంది కాబట్టి అది నిరాశ కాదనీ కొందరు వివరిస్తారు. కావచ్చు. కానీ అక్కడ నిలబడి విన్నవాళ్లకు కీర్తన గుర్తుకురాలేదు, ఏలీయాను పిలుస్తున్నాడనుకున్నారు. మార్కు ఆ పొరపాటును దిద్దకుండానే వదిలేశాడు.

లూకా దగ్గరికి వెళితే అదే కొండ మీద మరొకరు కనిపిస్తారు. దారిలో ఏడుస్తూ వెంటవచ్చిన స్త్రీలతో తన కోసం ఏడవొద్దంటాడు. మేకులు కొట్టినవాళ్లను క్షమించమని తండ్రిని వేడుకుంటాడు (చాలా పాత ప్రతులు కొన్నిటిలో, నాలుగో శతాబ్దపు వాటికన్ ప్రతితో సహా, ఈ మాట లేకపోవడం ఒక చిక్కు). పక్క సిలువల్లో ఒకడు పశ్చాత్తాపపడతాడు, వాడికి పరదైసు మాట ఇస్తాడు. ఆత్మను తండ్రి చేతుల్లో పెట్టి కన్ను మూస్తాడు. ఆ పక్కనున్న రోమా శతాధిపతి, మార్కులో ఆయన్ని దేవుని కుమారుడన్నవాడు, లూకాలో నీతిమంతుడంటాడు. తప్పిపోయిన కుమారుణ్ణీ, మంచి సమరయుణ్ణీ, చెట్టెక్కిన జక్కయ్యనూ మనకిచ్చినది ఈ లూకాయే. 1978 నాటి ‘కరుణామయుడు’ సినిమాలో విజయచందర్ ముఖమే యేసు ముఖంగా తెలుగువాళ్ల మనసులో నిలిచిపోయింది కదా, ఆ పేరులో ఉన్న కరుణలో ఎక్కువ పాలు లూకాకే చెందుతుంది.

యోహాను యేసు ఇద్దరికన్నా వేరు. పట్టుకోవడానికి వచ్చిన సైనికులు ఆయన నోరు విప్పగానే వెనక్కి తగ్గి నేల మీద పడతారు. పట్టుబడే ముందు తోటలో చేసిన గుండెకోత ప్రార్థన ఇందులో లేదు. సిలువ మోయడానికి కురేనీయుడైన సీమోను రాడు, తన సిలువ తనే మోసుకుంటాడు. తల్లి సిలువ దగ్గరే నిలబడి ఉంటే ఆమెను ప్రియశిష్యుడికి అప్పగిస్తాడు. దాహమన్నా లేఖనం నెరవేరాలనే అన్నాడని యోహాను జోడిస్తాడు. అన్నీ ముగించి, తల వంచి, అప్పుడు ప్రాణం విడుస్తాడు. ఇక్కడ చావు కూడా ఆయన అనుమతి తీసుకునే వస్తుంది.

ఇప్పుడు ఈ మూడింటినీ ఒకే మధ్యాహ్నంలోకి చేర్చండి. మార్కు ఏకాకి కేక వరుసలో నాలుగోదవుతుంది. దానికి ముందు క్షమాపణ, పరదైసు, తల్లి. తర్వాత దాహం, సమాప్తి, తండ్రి చేతులు. ఆరు మాటల మధ్య ఇమిడిపోయేసరికి ఆ కేకలోని భయం సగం చల్లారిపోతుంది. వినేవాడు కంగారు పడే లోపే ఐదో ప్రసంగీకుడు లేచి నిలబడతాడు.

కలపాలన్న కోరిక కొత్తది కాదు. రెండో శతాబ్దం రెండో సగంలోనే తతియాను అనే రచయిత నాలుగు సువార్తలనూ ఒకే కథగా అల్లి ‘దియాతెస్సరోన్’ తయారుచేశాడు. సిరియా సంఘాల్లో తరతరాలు దాన్నే చదువుకున్నారు. ఐదో శతాబ్దంలో థియొదొరేతు అనే బిషప్పు తన పరిధిలోని చర్చిల నుంచి రెండు వందలకు పైగా ప్రతులు సేకరించి పక్కన పెట్టించి, నాలుగు సువార్తలను విడివిడిగా తిరిగి ఇచ్చాడు. అంతకు ముందే, సుమారు 180లో, లియోను బిషప్పు ఇరేనియస్ సువార్తలు నాలుగే ఉండాలి, నాలుగూ ఉండాలి అని వాదించాడు. దిక్కులు నాలుగు, గాలులు నాలుగు కాబట్టి అన్నాడు. ఈ తర్కానికి నవ్వొస్తుంది గానీ, తీర్పు మాత్రం గొప్పది. పొంతన కుదరని నాలుగు కథలను పక్కపక్కన పెట్టుకుని, ఇవన్నీ మావేనని ప్రపంచానికి చూపించడానికి గుండెధైర్యం కావాలి.

ఇంతవరకూ పక్కన పెట్టి మత్తయికి నేను అన్యాయం చేస్తున్నానని తెలుసు. ఆయన ఎక్కువగా మార్కునే ముందు పెట్టుకుని రాశాడని పండితుల్లో చాలామంది అభిప్రాయం. ఆ రాతలో చేసిన సవరణలు చూస్తే ఇద్దరి మనసులూ తెలుస్తాయి. నజరేతులో జనం యేసును వడ్లవాడని అన్నట్టు మార్కు రాస్తే, మత్తయి వడ్లవాని కుమారుడని మార్చాడు. ఆ ఊళ్లో కొద్దిమంది రోగులను బాగుచేయడం తప్ప అద్భుతమేదీ ఆయన చేయలేకపోయాడని మార్కు అంటే, మత్తయి ఎక్కువ చేయలేదని సరిపెట్టాడు. బేత్సయిదాలో గుడ్డివాడికి మొదటిసారి చూపు మసగ్గా వచ్చి, మనుషులు చెట్లలా కనబడితే, యేసు రెండోసారి చేతులుంచాల్సి వచ్చిన కథను మత్తయి ఎత్తుకోనే లేదు, లూకా కూడా. మతి చలించిందని అయినవాళ్లే ఆయన్ని పట్టుకుపోవడానికి వచ్చిన సంగతీ అంతే.

వీళ్లలో ఎవరి యేసు అసలువాడని అడిగితే చరిత్రకారులు చాలా చెబుతారు. నా మటుకు నాకు, ఇబ్బంది పెట్టే వివరాన్ని కొట్టెయ్యకుండా ఉంచినవాడి మీద నమ్మకం ఎక్కువ. పడవలో దిండు మీద తల పెట్టి పడుకున్న మనిషిని చూపించినవాడు మార్కు. మత్తయి, లూకా నిద్రను ఉంచి, దిండును వదిలేశారు.

మార్కు పుస్తకం ముగిసిన తీరూ అలాంటిదే. అతి ప్రాచీనమైన వాటికన్, సినాయి ప్రతుల్లో మార్కు 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. ఖాళీ సమాధి చూసిన స్త్రీలు వణుకుతూ పారిపోయి, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ తర్వాతి వచనాలు తర్వాతి కాలపు చేర్పని పండితుల్లో ఎక్కువమంది అంటారు.

మీరు విశ్వాసులైనా కాకపోయినా ఒక పని చేయండి. మార్కును మొదటి పేజీ నుంచి ఆ 8వ వచనం దాకా ఒకే బిగిన చదవండి, గంటన్నర పడుతుంది. చదివాక వెంటనే మత్తయినో లూకానో తెరవకండి. కనీసం ఒక రోజు ఆగండి.