కోటిలింగాల నల్లపెంకు

మా యిబ్రహీంపట్నపు సీమను దాటి తూర్పుగా సాగిన గోదావరి పెద్దవాగును గలుపుకొనుచోట కోటిలింగాల యున్నది. కోటేశ్వరస్వామి దర్శనార్థము పోవు సోదరీమణులు అచ్చటి పాటిగడ్డను గూర్చియు తెలిసికొనవలయును. 1980 ప్రాంతమున పురావస్తుశాఖవారు త్రవ్వగా గోబదుడు, సమగోపుడు, శాతవాహనుడగు శ్రీముఖుడు మున్నగు రాజుల నాణెములు బయల్పడినవి.

ఇట్టి ప్రాచీనస్థలములందు నాణెములకంటె విరివిగా దొరకునవి కుండపెంకులు. వానిలో కొన్నింటికి మూతియు లోపలయు నలుపు, వెలుపల ఎఱుపు. ఇది పూతవలన వచ్చిన వన్నె కాదు. పాత్రను బోర్లించి, మూతిని ఊకలోనో బూడిదలోనో పూడ్చి కాల్చినచో, గాలి చొరని లోభాగము నల్లనగును. గాలి తగిలిన వెలుపలి భాగము ఎఱ్ఱనగును.

అమెరికాలో న్యూమెక్సికోనందలి శాన్ ఇల్డెఫాన్సో యను ప్యూబ్లో గ్రామమునను మంటను పేడపొడితో గప్పి, ఆ పొగతోనే కుండను నల్లజేయుదురు. అచ్చటి మరియా మార్టినెజ్ భర్త జూలియనుతో గూడి, నిగనిగలాడు నలుపుపై మసకనలుపు చిత్రములు గల పాత్రలను చేసి ప్రసిద్ధి కెక్కెను. పాత్రలపై తన పేరును వ్రాసెను. 1980లో ఆమె గతించినను, ప్రదర్శనశాలలందు అవి ఆమె పేరుతోనే యున్నవి.

మన పెంకులకు దొరకిన యూరిపేరు గలదు, కాలము గలదు. చేసినవారి పేరు లేదు. నాణెముపై రాజు పేరు నిలిచెను గాని, ఆ రాజునకు అన్నము వండిన కుండను చేసినవారి పేరు నిలువలేదు. గడచినదానిని మార్చజాలము. వేసవిలో మన వాకిట కుండను దించు కుమ్మరి దంపతుల పేర్లనైనను అడిగి, పిల్లలకు చెప్పుదము.