రవ్వలకొండ కాపరి

డోన్‌లో నంద్యాల రైలెక్కి, బేతంచెర్లలో దిగి, నాపరాళ్ల గనుల ప్రాంతం మీదుగా మేము బనగానపల్లె చేరుకున్నాము. సమీపంలోని రవ్వలకొండ గుహలో, 17వ శతాబ్దంలో, పోతులూరి వీరబ్రహ్మం ఏకాంతంగా కూర్చుని కాలజ్ఞానం రచించారని ప్రతీతి. అప్పుడాయన గరిమిరెడ్డి అచ్చమ్మ గారింట పశువుల కాపరి. ఏకాంతాన్ని కోరినా ఆయన యాచించలేదు. ఆమె ఆవులను మేపి, కష్టార్జితమే భుజించారు. ఆయన జ్ఞానాన్ని గ్రహించిన యజమానురాలు తన కాపరికే శిష్యురాలైందని జనశ్రుతి.

ఇస్లాంలో సన్యాసానికి తావు లేదు. శ్రమకు మాత్రం ఎంతో గౌరవముంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) సయితం మక్కావాసుల గొర్రెలను కూలికి మేపారు. మరి మన ఇళ్లలో పశువులు కాసేవారిని, అంట్లు తోమేవారిని పక్కన కూర్చోబెట్టుకుని వారి మాట వినే ఓపిక మనకుందా? అచ్చమ్మకు ఉన్నది.