బొమ్మలు కాపాడాయి... మనుషులు మరిచిపోయారు!

చిన్నప్పుడు ప్రాణంగా చూసిన టీవీ సీరియల్ సినిమాగా వస్తోందంటే ఎవరికైనా ముందు సంబరం. ఆ వెంటే చిన్న భయం. ఇన్నాళ్లూ భద్రంగా దాచుకున్న జ్ఞాపకాన్ని ఎవరు ఏం చేస్తారోనని! 1960ల్లో బ్రిటన్‌లో పెరిగిన పిల్లలకు ఈ రెండూ కలిసి ఎదురైంది 2004లో. ఆ సినిమా పేరు ‘థండర్‌బర్డ్స్’. 1965లో పదేళ్ల వయసులో టీవీకి అతుక్కుపోయిన కుర్రాడు, ఆ సినిమా వచ్చేనాటికి యాభైకి చేరువైన తండ్రి. ‘మా చిన్నప్పుడు ఎంత బాగుండేదో చూడండి’ అని పిల్లలకు చూపించాలనే ఆశ ఉండటం సహజమే. కానీ తెర మీద కనిపించింది ఆయన చూసిన కథ కాదు.

ఆ పాత సీరియల్ జెర్రీ ఆండర్సన్, సిల్వియా ఆండర్సన్ దంపతుల సృష్టి. 1965 సెప్టెంబరు 30న ప్రసారం మొదలైంది. మొత్తం 32 భాగాలు. కథ చాలా తేలిక. జెఫ్ ట్రేసీ అనే మాజీ వ్యోమగామి ఐదుగురు కొడుకులతో పసిఫిక్ సముద్రంలోని ఒక దీవిలో ఉంటాడు. కొడుకులకు అమెరికా తొలి వ్యోమగాముల పేర్లే... స్కాట్, వర్జిల్, అలన్, గోర్డన్, జాన్. ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఆపదలో చిక్కుకున్నా కబురందగానే వీళ్లు కదులుతారు. ఈత కొలను పక్కకు జరిగి దాని కింద నుంచి రాకెట్ విమానం లేస్తుంది. ఈతచెట్లు అటూ ఇటూ ఒరిగి పెద్ద ఆకుపచ్చ సరుకు విమానానికి దారి ఇస్తాయి. వెళ్తారు, కాపాడతారు, వచ్చేస్తారు. పేరు చెప్పరు, డబ్బు అడగరు.

ఈ ఆలోచన గాల్లోంచి పుట్టింది కాదు. 1963 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని లెంగెడె ఇనుప ఖనిజపు గనిలోకి నీళ్లు ముంచెత్తాయి. 29 మంది చనిపోయారు. బతికే అవకాశమే లేదనుకున్న 11 మందిని రెండు వారాల తర్వాత, భూమికి బోరు వేసి, సన్నటి గొట్టంలాంటి పంజరంలో ఒక్కొక్కరినీ పైకి లాగారు. ఆ వార్తలు విన్న జెర్రీ ఆండర్సన్‌కు ఒక సంగతి మనసులో నాటుకుపోయింది. పెద్ద బోరు యంత్రం దూరం నుంచి రావాలి, వచ్చేదాకా లోపలున్నవాళ్లు బతికి ఉండాలి. అలాంటి యంత్రాలన్నీ ఒకచోట సిద్ధంగా ఉంటే? క్షణాల్లో ఎగిరి వెళ్లగలిగితే? సీరియల్ పుట్టింది అక్కడే. ఆకుపచ్చ విమానం మోసుకెళ్లే యంత్రాల్లో భూమిని తొలిచే ‘మోల్’ ఉండటం ఊరికే జరిగింది కాదు.

ఇందులో నటులు మనుషులు కాదు, తీగలతో ఆడించే బొమ్మలు. లండన్‌కు దగ్గర్లోని స్లౌ అనే ఊళ్లో పారిశ్రామికవాడలోని స్టూడియోలో తీశారు. ముందే రికార్డు చేసిన మాటలు వినిపిస్తుంటే, వాటికి తగ్గట్టు బొమ్మ తలలోని చిన్న విద్యుత్ పరికరం పెదవిని కదిలించేది. బొమ్మలు సరిగ్గా నడవలేవు కాబట్టి కదిలే కుర్చీలు, గాల్లో తేలే బండ్లు కల్పించారు. చెయ్యి దగ్గరగా చూపించాల్సి వస్తే నిజం మనిషి చెయ్యే! ఎంత దాచినా తీగలు అక్కడక్కడా కనిపించేవి. అయినా పిల్లలకు అడ్డు రాలేదు. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. హనుమంతుడి చేతికి కట్టిన పుల్ల కనిపిస్తూనే ఉంటుంది, లంక మాత్రం నిజంగానే తగలబడుతుంది.

మొదటి భాగమే చూడండి. అణుశక్తితో నడిచే కొత్త విమానం. దుష్టుడు ‘హుడ్’ అందులో బాంబు పెడతాడు. దిగితే పేలుతుంది. దిగకుండా గాల్లోనే ఉంటే రేడియేషన్ ప్రయాణికులను తినేస్తుంది. చివరికి చక్రాలతో పనిలేకుండా, రన్‌వే మీద పరుగెత్తే వాహనాల మీదకి విమానాన్ని దింపుతారు. అక్కడ దుష్టుణ్ని చితకబాదడం ముఖ్యం కాదు. లోపలున్నవాళ్లు బయటపడటం ముఖ్యం. దాదాపు ప్రతి భాగంలోనూ అదే లెక్క... సమయం తక్కువ, బుర్ర పెట్టి ఆలోచించాలి, ప్రాణం దక్కాలి.

జొనాథన్ ఫ్రేక్స్ దర్శకత్వంలో వచ్చిన 2004 సినిమాలో లేనిది సరిగ్గా ఇదే. తీగలు పోయాయి, మనుషులు వచ్చారు. బిల్ పాక్స్‌టన్ తండ్రి వేషం వేశాడు. ‘గాంధీ’గా మన దేశంలో ఇంటింటికీ తెలిసిన బెన్ కింగ్‌స్లీ హుడ్ అయ్యాడు. నటులకు లోటు లేదు. కానీ కథ మొదలవగానే తండ్రినీ పెద్ద కొడుకులనూ అంతరిక్ష కేంద్రంలో ఇరికించేశారు. మిగిలింది చిన్నవాడు అలన్, అతని ఇద్దరు స్నేహితులు. దీవిని ఆక్రమించిన దొంగలతో ఈ పిల్లల దాగుడుమూతలతోనే చాలా సినిమా గడిచిపోతుంది. ఈ పిల్లలు ఇతరులను కాపాడే ఘట్టం కోసం చివరిదాకా ఆగాలి. అన్నిటికన్నా మనసు కలుక్కుమనేది ఇంకొకటుంది. గనిలో చిక్కుకున్నవాళ్లను తలుచుకుని పుట్టిన కథలోని ఆ ‘మోల్’ యంత్రం, సినిమాలో లండన్‌లోని బ్యాంకుకు కన్నం వేయడానికి పనికొచ్చింది!

సుమారు 5.7 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే అందులో సగం దాకానే వసూలైంది. జెర్రీ ఆండర్సన్ సినిమాను బాహాటంగానే చీదరించుకున్నారు. సిల్వియా మాత్రం మెచ్చుకున్నారు. అప్పటికి ఎప్పుడో విడిపోయిన ఆ ఇద్దరికీ తమ బిడ్డలాంటి కథ విషయంలోనూ ఒకే మాట కుదరలేదు.

బొమ్మల్ని తీసేయడమే తప్పా? కాదు. 2015లో అదే కథ కంప్యూటర్ బొమ్మలతో, చిన్న నమూనా సెట్లతో మళ్లీ టీవీకి వచ్చింది. తీగలు అందులోనూ లేవు. ఆపదలో ఉన్నవాళ్లను కాపాడటం మాత్రం మళ్లీ కథ మధ్యకు వచ్చింది. 2020 దాకా నడిచింది. పాతదాన్ని మార్చకూడదని ఎవరూ అనరు. ఏది మారిస్తే ప్రాణం పోతుందో తెలిసి ఉండాలంతే.

ఆ ప్రాణం ఎంత విలువైనదో మన దేశానికీ తెలుసు. 1989లో రాణీగంజ్ బొగ్గు గనిలోకి నీళ్లు దూకినప్పుడు బోరు వేసి, ఉక్కు గొట్టంలో 65 మందిని పైకి తెచ్చారు. ఇంజినీరు జస్వంత్ సింగ్ గిల్ తనే కిందికి దిగి, అందరూ బయటపడ్డాకే పైకొచ్చారు. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగంలో 41 మంది 17 రోజులు ఉండిపోయారు. పెద్ద యంత్రం విరిగిపోతే చివరి మీటర్లను కూలీలు చేతులతో తవ్వారు. దేశమంతా టీవీల ముందు ఊపిరి బిగబట్టింది. ఆ రోజుల్లో ఎవరూ దుష్టుడి కోసం వెతకలేదు. మొదటి మనిషి ఎప్పుడు బయటికొస్తాడా అనే చూశారు.

పిల్లలు బొమ్మల్లో చూసుకున్నదీ అదే. చీకట్లో చిక్కుకుంటే ఎవరో ఒకరు వస్తారన్న ధైర్యం. అది ఇవ్వగలిగితే తీగలు కనిపించినా ఫర్వాలేదు. ఇవ్వలేకపోతే కోట్లు పోసినా వెలితే.