నిన్న ఏం తిన్నావమ్మా?

ఆహార సర్వేకి సూచికను ఎంచుకునే ముందు, దాంతో ఏం తెలుసుకోవాలో తేల్చుకోండి. ఎన్ని గ్రాముల ప్రొటీన్, ఎంత ఇనుము ఒంటికి అందిందో కావాలంటే కొలత గిన్నెలు పట్టుకుని వంటింట్లో కూర్చోక తప్పదు. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో సర్వేలు అలా నడిచినవే. నాకు పని నేర్పిన అక్క ఆ బడిలో తయారైంది. సంగటి ముద్దను చూసి బరువు చెప్పేది.

మా పలమనేరు పల్లెనూ ఇథియోపియా పల్లెనూ పక్కపక్కన పెట్టి చూడాలంటే అంత ఖర్చు, అంత సమయం కుదరవు. అక్కడ పనికొచ్చేది మహిళల కనీస ఆహార వైవిధ్యం అనే సూచిక. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలు నిన్న పగలూ రాత్రీ తిన్నవాటిని 10 వర్గాలుగా విడదీస్తాం. కనీసం 5 వర్గాలు తిన్నవాళ్లు నూటికి ఎందరో లెక్కకడతాం. 2025లో ఐక్యరాజ్యసమితి పసిపిల్లల ఆహార వైవిధ్యంతో పాటు దీన్నీ సుస్థిరాభివృద్ధి సూచికల్లో చేర్చింది. ఇల్లిల్లూ తిరిగే మాకు అది పెద్ద గౌరవం.

ఇక పని చూడండి. రాగిపిండి, బియ్యం రెండూ ఉన్నా సంగటి ఒకే వర్గం. తోటకూర పప్పు రెండు. ఊరిబిండిలో చెనక్కాయలు పప్పుల్లోకి రావు, గింజల వర్గంలోకి పోతాయి. కొత్తవాళ్లు తరచూ తప్పేది ఇక్కడే. మామిడిపండుకు ఒక గడి, మామిడికాయకు మరొకటి. 15 గ్రాములు దాటని కరివేపాకు, కొత్తిమీర లెక్కకు రావు.

మామిడిని పక్కన పెడితే ఇప్పటికి నాలుగు వర్గాలు. గిన్నెడు పెరుగు తింటే అయిదు. కొట్టంలో ఆవు కనిపించింది కదా అని పాల గడిలో టిక్కు పెట్టేయకండి. "పాలన్నీ డైరీకే పోస్తాం మేడం, కాఫీకి రోంత ఎత్తిపెట్టుకుంటాం" అనే ఇళ్లు మా జిల్లాలో ఎన్నో. ఆ రోంత ఎంతో గ్లాసు చూపించి అడగాలి. ఇంట్లో పండింది కాదు, ఆమె నోట్లోకి పోయిందే రాయాలి.

కాలం కూడా చూసుకోండి. మామిడి కాపులో చేసిన సర్వేను అనపకాయల కాలంలో చేసినదాంతో పోలిస్తే, ఊరు మారిందో రుతువు మారిందో తేలదు.

ఈ సూచిక ఒక్క మనిషి ఆరోగ్యాన్ని చెప్పదు, జనాభా తీరునే చెబుతుంది. ఉప్పు, నూనె, బేకరీ తిండి దీనికి కనబడవు. బీపీ, షుగర్ల మీద పనిచేసేవాళ్లు 29 ఆహార రకాలను అవును, కాదు అని అడిగే ఆహార నాణ్యత ప్రశ్నావళిని తీసుకోవాలి.

నాకు తొలి గెలుపు శాతం లెక్కలతో రాలేదు. ఒక ఊళ్లో ఆకుకూరల గడి వరసగా ఖాళీగా కనిపిస్తే ఆ సంగతి అంగన్‌వాడీ టీచరమ్మకు చెప్పాను. ఆమె తల్లులను కూర్చోబెట్టి మాట్లాడింది. మళ్లీ వెళ్లినప్పుడు కొన్ని పెరళ్లలో తోటకూర మళ్లు కనిపించాయి. అందుకే మీరూ శాతాన్ని పైకి పంపి ఊరుకోకండి. ఏ వర్గం కొరవడిందో ఊళ్లో చెప్పి రండి.