ముంబయి విడిచిన రాయుడు

మా కనియంబాడి యింట తెలుగునకును వీధిలోని అరవమునకును కలహము లేదు. హైదరాబాదు జట్టు చెన్నైతో ఆడునాడు మాత్రము ఎవరి పక్షము వహించుటయన్నది ఏటేటా తెగని వ్యాజ్యము.

2018 మే 13న పూనాలో గుంటూరువాడైన అంబటి రాయుడు పసుపు చొక్కా తొడిగి, హైదరాబాదుపై 62 బంతులలో అజేయముగ నూరు పరుగులు చేసెను. “కొట్టేదీ మనవాడే, తినేదీ మనవాళ్లే” అని మా చిన్నాయన నవ్వలేక, ఏడ్వలేక కూర్చుండిరి.

2010 మొదలు 2017 వరకు తమ కాడి మోసినవానిని ముంబయివారు వేలమునకు విడిచిరి. చెన్నైవారు 2 కోట్ల 20 లక్షలకు కొనిరి. ఆ యేట అతడు 602 పరుగులు చేసెను. కప్పు చెన్నైకి వచ్చెను. ముంబయి ప్లే ఆఫ్‌కైనను చేరలేదు. ఇంతకన్న తెలివితక్కువ బేరము గలదా యని నేను చాలకాలము వాదించితిని.

కాని వారికి నిలుపుకొన వీలున్నది అయిదుగురినే. రోహిత్, బుమ్రా, హార్దిక్, పొలార్డ్, కృనాల్: వీరిలో ఎవరిని త్రోసి రాయునికి చోటీయవలెను? 2019 మే 12న హైదరాబాదులోనే ముంబయి ఒక్క పరుగుతో చెన్నైని గెలిచినది. నాడు రాయుడు చేసినది ఒక్క పరుగు. ఔటు చేసినవాడు బుమ్రా. నా వాదము నాడే సడలినది. చిన్నాయన మాత్రము నేటికిని 602 దగ్గరనే నిలిచియున్నారు.