దారం లేని పతంగి

పతంగి ఎగురవేసే పిల్లవానికి గాలి కంటికి కనిపించదు, చూపుడువేలికి తెలుస్తుంది. దారం బిగిస్తే పైన గాలి హెచ్చిందనీ, సడలితే తగ్గిందనీ, ఉన్నట్టుండి ఒక ప్రక్కకు ఈడిస్తే ఏదో సుడి తగిలిందనీ ఆ వేలే చెబుతుంది. సంక్రాంతి నాళ్ళలో ఓరుగల్లు మిద్దెలపై చరఖా పట్టి నిలిచే పిల్లలకు ఈ విద్యను ఎవరూ కూర్చుండబెట్టి నేర్పరు. దారమే వారికి గురువు.

అట్టి పిల్లవాడే పెరిగి పెద్దవాడై, పెండ్లిళ్ళకూ పేరంటాలకూ ఫోటోలు తీసే వృత్తిలో ప్రవేశించి, ఈనాడు కెమెరా డ్రోన్‌ను ఆకాశంలోకి పంపుతున్నాడు. వరంగల్లు, హన్మకొండ, కాజీపేట కలిసిన ఈ మహానగరంలో ఇట్టి యువకులు ఎందరో ఉన్నారు. వారి చేతిలో రిమోట్ ఉంది, దానిపై వెలిగే తెర ఉంది, తెరపై అంకెలున్నాయి. చేతికీ యంత్రానికీ నడుమ మాత్రం రేడియో తరంగమే తప్ప దారం లేదు. గాలి కబురును వేలికి అందించే దూత మాయమైనాడు. ఆ కబురును మరొక మార్గాన తెలుసుకోగలగడమే చలిగాలిలో డ్రోన్ నడిపేవానికి కావలసిన అసలు విద్య.

ఇంతకూ చలికాలపు తెల్లవారుజామునే దానిని ఎగురవేయవలసిన అవసరమేమిటి? ఎండ కాచిన తరువాత తీరికగా ఎగురవేయరాదా? సమాధానం ఓరుగల్లు కోటలోనే ఉంది. గణపతిదేవుడు ఆరంభించగా రుద్రమదేవి పూర్తిచేసిన ఈ కోటకు వలయాకారపు ప్రాకారాలు మూడు. లోపలి రాతిగోడ వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. దాని చుట్టూ సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టిగోడ ఉంది. హన్మకొండను కూడ తనలో కలుపుకొని సాగిన బయటి మట్టికట్ట వ్యాసం పన్నెండు కిలోమీటర్ల పైమాటే. నేలమీద నడిచేవానికి ఇవి వలయాలని తోచదు. ఒకచోట మిట్ట, ఒకచోట ఇండ్ల వరుస, మరొకచోట తుమ్మపొదలు, అంతే కనిపిస్తుంది. నాలుగువందల అడుగుల ఎత్తునుండి కెమెరాను నిట్టనిలువుగా దించి చూచినా ఏ నూటయాభై, రెండువందల మీటర్ల నేలో తప్ప చిక్కదు. కెమెరాను ఏటవాలుగా ఎత్తి దిగంతం వైపు త్రిప్పినప్పుడే ఆ కట్ట వంపు తిరుగుతూ సాగిపోవడం తెలుస్తుంది. అదికూడ అన్ని వేళలా తెలియదు. ఏడువందల ఏండ్ల వానలకు కరిగిన కట్ట మిట్టమధ్యాహ్నపు వెలుతురులో పొలంతో కలిసిపోతుంది. సూర్యుడు దిగంతాన్ని వీడీవీడని వేళ, మోకాలెత్తు మిట్టకు కూడ నిడుపైన నీడ పడుతుంది. కరిగిన కట్ట ఆ నీడలో మళ్ళీ లేచి నిలుస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఐరోపాలోని పురాతత్త్వవేత్తలు విమానాలనుండి పూడిపోయిన దిబ్బలనూ కందకాలనూ గుర్తించినది ఇట్టి ఏటవాలు వెలుగులోనే. కనుకనే ఛాయాగ్రాహకునికి ఆ చలివేళ కావాలి. అది అరగంటకు మించి నిలువదు.

ఓరుగల్లు చలి లడఖ్ చలి వంటిది కాదు. పుష్యమాసపు వేకువలో చలి బాగా ముదిరిన నాళ్ళలో పది పన్నెండు డిగ్రీలు. అరుదుగా అంతకన్న కొంచెం తక్కువ. సాధారణపు కెమెరా డ్రోన్లు సున్నా డిగ్రీల వరకు పనిచేసేటట్లే తయారవుతున్నాయి. కనుక ఈ చలి యంత్రాన్ని ఆపదు, ఏమార్చుతుంది. లిథియం బ్యాటరీనుండి విద్యుత్తు వెలువడాలంటే లోపలి ద్రావణం గుండా అయాన్లు ఒక ధ్రువంనుండి మరొక ధ్రువానికి ప్రయాణించాలి. చలికి ఆ నడక మందగిస్తుంది. బ్యాటరీ అంతర్నిరోధం పెరుగుతుంది. శక్తి నశించిపోదు గాని, కోరిన క్షణాన కోరినంత వేగంగా బయటికి రాదు. నేలమీద ఉన్నప్పుడు తెరపై నూటికి నూరు చూపిన బ్యాటరీ, పైన గాలితో పెనుగులాడే నాలుగు మోటార్లు ఒక్కసారిగా శక్తిని అడిగేసరికి వోల్టేజి కుంగి హెచ్చరికలు మొదలుపెడుతుంది. నిలువ ఉన్న ధాన్యం ఎంతో గాదె లెక్క చెబుతుంది. గాదె తలుపు ఎంత తెరుచుకుంటుందో చెప్పదు. అందుకే అనుభవం గలవారు బ్యాటరీలను చొక్కా లోపలి జేబులో ఉంచి, పెట్ట గుడ్లను పొదిగినట్లు ఒంటి వెచ్చదనంతో కాపాడుకుంటూ తెస్తారు. పైకి లేపిన తరువాత కూడ ఒకటి రెండు నిమిషాలు మనిషెత్తులోనే నిలిపి, తన పనివల్ల తానే వేడెక్కనిచ్చి, ఆ పిమ్మట దూరం పంపుతారు.

చలివల్ల ఒక మేలు కూడ లేకపోలేదు. చల్లని గాలి చిక్కనిది. నలభై డిగ్రీల వేసవి గాలితో పోలిస్తే పది డిగ్రీల గాలి సుమారు పదోవంతు ఎక్కువ సాంద్రమైనది. తిరిగే రెక్కలకు దానిలో పట్టు బాగా దొరుకుతుంది. బ్యాటరీ వల్ల కలిగే నష్టాన్ని ఇది కొంత పూడుస్తుంది. ఇక మంచు సంగతి చెప్పనక్కరలేదు. యంత్రం కంటికి కనిపించని పొగమంచులో దానిని ఎగురవేయడం సాహసం కాదు, తెలివితక్కువతనం.

అసలు చిక్కు గాలిది. శీతకాలపు రాత్రి నేల చల్లబడి, తనను ఆనుకొని ఉన్న గాలిని కూడ చల్లబరుస్తుంది. బరువెక్కిన ఆ చల్లని పొర నేలపై పరుచుకొని కదలక పడి ఉంటుంది. దానిపైన వెచ్చని గాలి, నేల రాపిడి తగలక, తన త్రోవన తాను వేగంగా సాగిపోతూ ఉంటుంది. క్రింద నిలిచినవానికి ఆకు కూడ కదలదు. ‘ఎంత ప్రశాంతమైన ఉదయం!’ అనుకొని డ్రోన్‌ను లేపితే, నూరు మీటర్లు దాటేసరికి అది ఒక ప్రవాహంలోకి తల దూర్చినట్లవుతుంది. ఈ పొరను తెరమీది అంకెలకన్న ముందే చూపగలిగినది చలిమంట పొగ. పొగ నిటారుగా లేచి, ఒక ఎత్తులో ఏదో పైకప్పు తగిలినట్లు చదునుగా పరుచుకుంటే అక్కడ పొర మారుతున్నదని అర్థం. ఎండ ముదిరి నేల వేడెక్కిన తరువాత ఈ రెండు పొరలూ కలగలుస్తాయి. పైనున్న వేగం క్రిందికి దిగి వస్తుంది. తొమ్మిదీ పది గంటల వేళ ఉన్నట్టుండి రావియాకులు గలగలలాడడం అందువల్లనే. గుట్టలున్నచోట మరొక చిక్కు. పద్మాక్షి గుట్ట వంటి రాతిగుట్టను ఢీకొన్న గాలి పైకెక్కి, శిఖరంపై వేగం పుంజుకొని, ఆవలి ప్రక్కన సుడులై దిగుతుంది. ఏటి నడుమ బండకు దిగువన నీరు ఎట్లా సుడి తిరుగుతుందో గమనించినవానికి ఇది వేరే చెప్పనవసరం లేదు.

గాలిలో డ్రోన్ నిలవడం చూడముచ్చటగా ఉంటుంది. ఒకవిధంగా మోసకరంగానూ ఉంటుంది. గాలి ఎటునుండి వీస్తే అటు ఒరిగి, రెక్కల బలమంతా వెచ్చించి అది తన తావును కాపాడుకుంటుంది. క్రింద వ్రేలాడే కెమెరాను మాత్రం దాని పీఠం తిన్నగా నిలిపి ఉంచుతుంది. కనుక తెరపై దృశ్యం నిశ్చలంగా, నిర్మలంగా కనిపిస్తుంది. కోట నిద్రపోతున్నట్లుంటుంది, కోటను చూపించే యంత్రం మాత్రం ఊపిరి బిగబట్టి పోరాడుతూ ఉంటుంది. గాలి వేగం రెండింతలైతే అది త్రోసే బలం నాలుగింతలవుతుంది. బొమ్మ ఎంత నిలకడగా ఉన్నా దానిని నమ్మి గాలిని అంచనా వేయరాదు.

ఇంకొక లెక్క ప్రతివాడూ వేసుకొని తీరవలసినది. ఒక డ్రోన్ గాలిలో సెకనుకు 10 మీటర్ల వేగంతో పోగలదనుకొందాం. గాలి సెకనుకు 6 మీటర్లు. గాలివాటున పోతే నేలను బట్టి దాని వేగం 16 మీటర్లు. 960 మీటర్ల దూరాన్ని సరిగ్గా ఒక నిమిషంలో చేరుకుంటుంది. నడిపేవానికి ఉత్సాహం కలుగుతుంది. త్రిప్పి ఎదురుగాలిలో రప్పించేటప్పుడు దాని వేగం 4 మీటర్లే. అదే దూరానికి నాలుగు నిమిషాలు పడుతుంది. గాలి లేని రోజున పోయిరావడానికి మూడు నిమిషాల పన్నెండు సెకన్లు; ఇప్పుడు అయిదు నిమిషాలు. పోతూ లాభపడినది వస్తూ నష్టపోయినదానితో సరిపోతుందని మనసు నమ్మిస్తుంది. అది ఎన్నటికీ సరిపోదు. ఆ నాలుగు నిమిషాలూ సగం ఖర్చయిన చల్లని బ్యాటరీతో గడపవలసినవి కావడం మరీ కష్టం. సగం బ్యాటరీ ఉన్నదిగదా అని ధైర్యంగా వెనుదిరిగిన డ్రోన్ ఎందుకు పరాయి పొలంలో దిగుతుందో ఈ లెక్క చెబుతుంది. అందువల్లనే ముందు ఎదురుగాలిలో పంపి, రాకడను గాలికి అప్పగించడం ఈ వృత్తిలో మంచి అలవాటు.

చలిలో, గాలిలో ఎగరడం కొత్త సమస్యేమీ కాదు. ఇంజనుతో మనిషి నింగికెగరడమే అట్టి రోజున మొదలైంది. 1903 డిసెంబరు 17న అమెరికాలోని కిట్టీహాక్ సమీపాన ఇసుకనేలపై వాననీటి గుంటలు మంచు కట్టి ఉన్నాయి. ఉత్తరపు గాలి గంటకు ముప్పై కిలోమీటర్లకు మించి వీస్తున్నది. తగ్గుతుందేమోనని రైట్ సోదరులు పది గంటల దాకా గుడారపు ఇంటిలో వేచి, తగ్గకపోయేసరికి బయటికి వచ్చారు. ఎదురుగాలిలో విమానం 12 సెకన్లలో 120 అడుగులు మాత్రమే సాగింది. ఆనాటి నాల్గవ యానం 59 సెకన్లలో 852 అడుగులు. మొదటి యానాన్ని ఫోటో తీసినవాడు సాయానికి వచ్చిన జాన్ డేనియల్స్. ఆర్విల్ రైట్ ముందే అమర్చి ఉంచిన కెమెరాను అతడు నొక్కాడు. నాల్గవ యానం ముగిసి, విమానం నేలమీద నిలిచి ఉండగా ఒక గాలి విసురు దానిని ఎత్తి పల్టీలు కొట్టించింది. ఆపబోయిన డేనియల్స్ దానిలో చిక్కుకొని దొర్లిపోయాడు. ఆ విమానం మళ్ళీ ఎగరలేదు. ఈ సోదరులు 1899లో మొట్టమొదట చేసినది దారాలతో నడిపే ఒక గాలిపటమే అన్న సంగతి కూడ ఇక్కడ తలచుకోదగినది.

ఆ విమానపు రెక్క గుడ్డనుండి ఒక చిన్న ముక్క 2021లో అంగారకునిపై కూడ ఎగిరింది. ఇంజెన్యూటీ అనే 1.8 కిలోల హెలికాప్టర్ ఏప్రిల్ 19న అక్కడ మొదటిసారి పైకి లేచింది. దాని ప్రధాన ఇంజనీరు బాలరాం చిన్ననాడు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాలలో చదువుకున్నవాడు. అంగారకుని గాలి సాంద్రత భూమిమీది దానిలో నూరో వంతు. రాత్రులు సున్నాకు దిగువన తొంభై డిగ్రీల చలి. సూర్యరశ్మినుండి ఆ హెలికాప్టర్ సంపాదించిన శక్తిలో అధికభాగం ఎగరడానికి కాదు, రాత్రంతా తన బ్యాటరీని వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చయింది. 2024 జనవరి నాటికి అది 72 సార్లు ఎగిరింది. జేబులో బ్యాటరీ దాచుకొనే హన్మకొండ యువకుడు చేసే పనీ అటువంటిదే.

నింగికి చట్టం కూడ ఉంది. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాలు ఆకాశాన్ని ఎరుపు, పసుపు, పచ్చ మండలాలుగా విభజించాయి. పచ్చ మండలంలో 400 అడుగుల వరకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. కాని కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి రక్షిత కట్టడాలు. వాటిపై ఎగురవేయాలంటే పురావస్తుశాఖ అనుమతి ఉండవలసిందే. పైనుండి వేలాడే తెగిన మాంజా, తన నింగిలోకి చొరబడినదానిని తరిమే గద్ద ఏ చట్టానికీ లోబడినవి కావు. సంక్రాంతి వారంలో వాటికి దూరంగా ఉండడమే ఉపాయం.

కోటపై ఎగరడం ఏడాదికి ఏ ఒకటి రెండుసార్లో. అనుదినం అన్నం పెట్టేది పెండ్లి పందిరి. మాఘమాసపు ముహూర్తాలు చలిలోనే వస్తాయి. ముహూర్తం గాలికోసం ఆగదు. అప్పుచేసి కొన్న యంత్రం చేతిలో ఉంటుంది. ఒప్పుకున్న కూలిలో సగం దాని పేరనే ఉంటుంది. పందిరి క్రింద మూడు నాలుగువందల మంది, వారిలో పరుగులు తీసే పిల్లలు. యాభై మీటర్ల ఎత్తునుండి ఏ వస్తువైనా జారిపడితే, గాలి అడ్డును లెక్కించకుంటే, నేలను తాకే క్షణానికి దాని వేగం గంటకు నూటపది కిలోమీటర్లు దాటుతుంది. ఆ సమయంలో పెండ్లికూతురి తండ్రి వచ్చి, “గింత మందిని పిలిస్తిమి, డ్రోన్ లేపకపోతె ఎట్ల తమ్మీ?” అని అడుగుతాడు. ఆ అడగడంలో తప్పులేదు. ఆయన చూచిన పెండ్లిళ్ళన్నిటిలో అది లేచింది. “గాలి మంచిగ లేదు కాకా, కింద పిల్లలున్నరు” అని బదులు చెప్పడానికి ఎంత నిబ్బరం కావాలో ఆ రోజు కూలి మీద ఆధారపడినవానికే తెలుసు. కూలిలో కోత పడవచ్చు. పైయేటి పెండ్లికి మరొకరిని పిలువవచ్చు.

అతడు తెర వంక చూడడు. పందిరి గుంజకు కట్టిన అరటాకుల వంక చూస్తాడు. అవి ఒకే వైపు ఒరిగి, మళ్ళీ నిలువుగా రాకుండా కొట్టుకుంటున్నాయి. కొద్దిసేపు నిలుస్తాడు. బ్యాటరీని మళ్ళీ లోపలి జేబులో వేసుకొని, పెట్టె మూసి, మామూలు కెమెరాను మెడలో తగిలించుకొని, పొడుగాటి నిచ్చెన ఎవరింట్లో ఉన్నదని పందిరి వేసినవారిని అడుగుతాడు.