సంతకం అడిగిన అమ్మాయి

మా బావ నన్ను పనులు అడగడు. ఎప్పుడైనా అడిగితే అది సీఐడీ డ్యూటీలా ఉంటుంది.

“ఏవయ్యా, పేపర్లో పనిచేస్తావుగా! మన పిల్లకి ఆ కాలేజీలో చెబుతున్నది చదువో, సువార్తో కాస్త కనుక్కుని చెప్పు” అన్నాడోసారి, జగ్గయ్యపేటలో వాళ్లింటి అరుగు మీద కూర్చుని.

బావకి సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకి వెళ్లకపోతే మా అక్కకి ఆ ఏడాది గడిచినట్టే ఉండదు. అలాంటి ఇంట్లోంచి మా మేనకోడలు ఇంటర్ అవగానే ఇంజినీరింగ్ వద్దంది. ఓ క్రైస్తవ సంస్థ నడిపే కాలేజీలో బ్యాచిలర్ ఆఫ్ సోషల్ వర్క్‌లో చేరింది. “సేవ చేయడానికి డిగ్రీ ఎందుకే? మంచి మనసు చాలదూ?” అని అక్క అడిగితే, “మంచి మనసుంటే చాలని ఎవరి చేతైనా ఆపరేషన్ చేయించుకుంటావా?” అందిట. ఆ జవాబు నాకు నచ్చింది. అనుమానం మాత్రం పోలేదు.

సరే, కనుక్కుందామని బయల్దేరాను.

ఈ చదువులో సగం తరగతి బయటే. వారానికి రెండు రోజులు ఊళ్లలో తిరగాలి. ఏం చూశారు, ఏం విన్నారు, ఏం చేశారు, ఎందుకు చేశారు... అన్నీ రాసి టీచర్ ముందు పెట్టాలి. మా మేనకోడలి టీచర్ ఓ సిస్టర్. నేను వెళ్లిన రోజు ముగ్గురం నందిగామలో దిగి, ఆటోలో మునేటి పక్కనున్న ఓ ఊరికి వెళ్లాం. దారంతా పిల్ల నోరు విప్పలేదు. సంగతేంటో సిస్టరే చెప్పారు.

ఆ ఊళ్లో ఓ ఒంటరి మహిళ. భర్త పోయి మూడేళ్లు. రెండెకరాలు కౌలుకి తీసుకుని పత్తి వేసేది. 2024 సెప్టెంబర్ మొదట్లో మునేరు పొంగినప్పుడు చేను మునిగిపోయింది. కౌలు డబ్బులు అప్పటికే కట్టేసింది. పంట నష్టం చేతికి రావాలంటే ఆ పంట తనదేనని కాగితం ఉండాలి. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకి కార్డు ఇస్తారు. పదకొండు నెలల ఒప్పందం, దాని మీద భూమి యజమాని సంతకం ఉండాలి. చిక్కంతా అక్కడే. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని ఆసాములకి భయం. కార్డు వల్ల యజమాని హక్కుకి ఏ ఢోకా లేదని చట్టంలోనే ఉన్నా, నమ్మేదెవరు?

మా పిల్ల రెండు వారాలు ఆమె కష్టం విన్నది. మూడో వారం ఆవేశపడి, ఫారం చేత్తో పట్టుకుని నేరుగా ఆసామి ఇంటికే వెళ్లింది. ఆయన మర్యాదగా టీ ఇప్పించి, “చూద్దాంలే అమ్మా” అన్నాడట. ఆ సాయంత్రమే ఆమెకి కబురొచ్చింది. వచ్చే ఉగాది నుంచి పొలం మేమే చేసుకుంటామని.

ఇదంతా విన్నాక సిస్టర్ పిల్లని అడిగింది ఒక్కటేనట. “వెళ్లేముందు ఆమెని అడిగావా?”

మేం వెళ్లేసరికి ఆమె వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకి నాకు దగ్గు ఆగలేదు. మా మేనకోడలు ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. “తప్పు చేశాను పిన్నీ. మిమ్మల్ని అడక్కుండా వెళ్లాను. క్షమించండి” అంది. ఆ పిల్ల ఎవరికైనా క్షమాపణ చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో అయితే తలుపు ధడేల్‌మని వేసుకుంటుంది.

ఆమె చేతులు ఆగలేదు. “నువ్వు సాయంత్రం బస్సెక్కి పోతావు తల్లీ. నేను రేపు కూడా ఇక్కడే ఉండాలి” అంది.

ఇరవయ్యేళ్ల పిల్లకి ఇంతకంటే పెద్ద పాఠం ఏ తరగతిలో దొరుకుతుంది? నిజానికి ఆ పాఠం వాళ్ల పుస్తకంలోనూ ఉంది. షికాగో లయోలా యూనివర్సిటీలో బోధించిన ఫెలిక్స్ బీస్టెక్ 1957లో ఓ పుస్తకం రాశాడు. కష్టంలో ఉన్నవారితో సోషల్ వర్కర్ ఎలా మెలగాలో అందులో ఏడు సూత్రాలుగా చెప్పాడు. తీర్పులు చెప్పొద్దు, గుట్టు దాచు, నిర్ణయం వాళ్లనే తీసుకోనివ్వు... అలాంటివి. మతంతో సంబంధంలేని కాలేజీల్లో కూడా అవే చెబుతారు. రాసినాయన మాత్రం జెస్యూట్ ఫాదర్! మన దేశంలో ఈ చదువుకి మొదటి బడి 1936లో బొంబాయిలో టాటాల ట్రస్టు డబ్బుతో మొదలైంది. ఇవాళ్టి టాటా ఇన్‌స్టిట్యూట్ అదే. దాని మొదటి డైరెక్టర్ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అమెరికా నుంచి వచ్చిన మిషనరీ.

ఇటు మన కృష్ణా జిల్లాలోనే 1940లో ముదునూరులో గోరా నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకి మారింది. ఆయన కూతురు చెన్నుపాటి విద్య వాసవ్య మహిళా మండలి ద్వారా ఆడవాళ్ల కోసం పనిచేశారు. దేవుణ్ణి నమ్మినవాళ్లూ నమ్మనివాళ్లూ వెళ్లింది ఇలాంటి వాకిళ్లకే.

ఆమె ఇంట్లో గోడకి మేరీమాత క్యాలెండర్ ఉంది. కాసేపటికి ఆమే అంది, “సిస్టరమ్మా, ప్రార్థన చెయ్యండి” అని. నేను పెన్ను సర్దుకున్నాను. బావకి చెప్పాల్సింది దొరికిందనుకున్నాను.

“చేస్తానమ్మా. ముందు నువ్వేం చేద్దామనుకుంటున్నావో చెప్పు” అన్నారు సిస్టర్.

అప్పుడు విప్పింది నోరు. ఆమెకి ముందు కావాల్సింది కార్డు కాదు, పొలం. ఆసామి దగ్గరికి వాళ్ల అన్నయ్యని తీసుకుని తనే వెళ్తుంది. కార్డు మాట ఎత్తితే ఊళ్లో కౌలుదారులందరూ కలిసి రైతు సేవా కేంద్రంలో ఎత్తాలి, తన పేరొక్కటే బయటికి రాకూడదు. మా పిల్ల అన్నీ రాసుకుంది. రాసింది మళ్లీ చదివి వినిపించి, “ఇంతేనా పిన్నీ?” అని అడిగింది. అంతా అయ్యాక సిస్టర్ రెండు మాటల్లో ప్రార్థన ముగించారు. మా మేనకోడలు పక్కన ఊరికే నిలబడింది. ఎవరూ కళ్లు మూసుకోమనలేదు.

తిరుగు ప్రయాణంలో సిస్టర్‌ని అడిగేశాను. “మీరేమీ బోధించకపోయినా మీ దుస్తులే మాట్లాడతాయిగా? పేదింటికి మీరెళితే వాళ్లు కాదనగలరా?”

ఆవిడ కోప్పడలేదు. “నిజమే. అందుకే పిల్లలే మాట్లాడతారు, నేను గడప దగ్గర కూర్చుంటాను” అన్నారు. కాసేపాగి, “మీ అమ్మాయిని చర్చికి రమ్మని నేనడగలేదు. వెళ్లి క్షమించమని అడగమన్నాను. అది నేను నా మతంలోనే నేర్చుకున్నాను” అన్నారు.

ఈ జవాబుతో నా అనుమానం పూర్తిగా తీరిందని చెప్పను. గడప దగ్గర కూర్చున్నా ఆ దుస్తులు ఇంట్లోకి కనిపిస్తూనే ఉంటాయి. కానీ ఆ మాట ఒప్పుకునే టీచర్ దగ్గర మా పిల్ల చదువుకోవడం నాకు బాగానే అనిపించింది.

బావకి జరిగిందంతా చెప్పాను. సువార్త సంగతి అడుగుతాడనుకుంటే, “ఇంతకీ ఆవిడకి కౌలు దొరికిందా?” అన్నాడు.

ఉగాది దాటాక తెలిసింది. ఎకరం ఇచ్చాడట ఆసామి. రెండో ఎకరం ఏమైందని మా మేనకోడల్ని అడిగాను. “నేనడగలేదు మావయ్యా. చెప్పాలనిపిస్తే ఆవిడే చెబుతుంది” అని, రిపోర్టు రాసుకోవడంలో పడింది.